రెండు నిలువుల నీళ్ళు

మంచుకాలం, 31వ రోజు

పెద్ద తొట్టి నిండింది. చిన్నది సగం. మంచును నీళ్ళుగా పట్టే వలల్లో చిరిగినవి మూడు, రెండు కుట్టించాను.

పొద్దున బండ దగ్గర అందరూ చేతులు చాపారు. మణికట్టు మీద గుండెవేగం చూసే నాడిపట్టీ పచ్చగా వెలిగినవాళ్ళు వలలెక్కారు. ఎర్రగా వెలిగింది ఇద్దరికి. ఒకడు దిగువ నుంచి కావిడి మోసుకొచ్చి నిద్రలేకుండా ఉన్నవాడు. రెండోది మా చెల్లెలు దాలమ్మ. ఇరవై ఏళ్ళుగా వలలెక్కుతోంది, ఎరుపు రావడం ఇదే మొదలు.

"మెట్లెక్కొచ్చాను కదన్నా, అందుకు కొట్టుకుంతంది" అంది.

బండ దగ్గరికి మెట్లు లేవు.  నిమ్మళం బిళ్ళ ఒకటిచ్చి కూర్చోమన్నాను.

స్టోరులో వలసామానూ మందులూ చూసేది నేనే. డబ్బా మీద దాని పేరు ప్రొప్రనలాల్ అని ఉంటుంది. కొండ మీద అందరూ నిమ్మళం అంటారు. చేతి వణుకుకు, గుండెదడకు, ఒంటిచెంప తలనొప్పికి ఇస్తాను. ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఇవ్వను, వాళ్ళకు ఊపిరి బిగుస్తుంది. చక్కెరకు సూది పొడుచుకునేవాళ్ళకు ఇవ్వాల్సి వస్తే, చక్కెర పడిపోయినా దడ తెలియదు, చెమట పడితే మాత్రం వెంటనే బెల్లం నోట్లో వేసుకోమని చెబుతాను. ఇవన్నీ అట్టలేని పాత పుస్తకంలో చదువుకున్నవే.

ఎరుపు వస్తే నిమ్మళం, కాసేపాగితే పచ్చ, అప్పుడు ఎక్కడం. పట్టీలు వచ్చినప్పటి నుంచి ఇదే పద్ధతి. కాసేపటికి దాలమ్మకు పచ్చ వచ్చింది. ఎక్కింది.

34వ రోజు

మంచు పలచన. చిన్న తొట్టి అడుగున తడి మాత్రమే.

దాలమ్మ ఇప్పుడు రోజూ నిమ్మళం వేసుకునే ఎక్కుతోంది. మధ్యాహ్నం దిగి వచ్చి స్టోరు గుమ్మంలో కూర్చుంది. రవికె తడిసి ఒంటికి అంటుకుపోయింది. చలిలో అంత చెమట ఎవరికీ పట్టదు. మొహం బూడిద పూసినట్టుంది.

"తల పగిలిపోతంది. వలెక్కడానికి నడుంకట్టు బిగించీసరికి మొదలౌతాది. ఇప్పీసిన కాసేపటికి పోతాది."

పట్టీ చూశాను. పచ్చ.

దారిన పోతూ సన్నాసినాయుడు ఆగాడు. కొండకు నీటిపెద్ద ఆయనే. వలలు, తొట్లు, పంపు, వాటాలు అన్నీ ఆయన మాట మీద నడుస్తాయి.

"పచ్చగుంది కదే, ఇంకేటి? మనిసి అబద్ధమాడతాది గానీ పట్టీ ఆడదు" అన్నాడు.

"నాను అబద్ధమాడతన్నానా బాబూ?"

"నువ్వు కాదే, నీ తలకాయ."

దాలమ్మ నవ్వింది. నవ్వుతూనే తల గోడకు ఆనించుకుంది.

37వ రోజు

దాలమ్మ తలనొప్పి తగ్గలేదు. పుస్తకం చూశాను. తలనొప్పికి నిమ్మళం ఎక్కువ మోతాదులో ఇవ్వవచ్చని ఉంది. రెట్టింపు చేశాను.

వలతాడు నాలుగు చుట్టలు మిగిలాయి. సూదులు సరిపడా ఉన్నాయి.

39వ రోజు

మంచు బాగా పట్టింది. రెండు తొట్లూ నిండి పొర్లాయి.

ఆరో వల మీద దాలమ్మ వేలాడిపోయింది. జోడీగా ఎక్కే సూరమ్మ చూసి, తన కట్టు విప్పుకుని అడ్డంగా పాకి వెళ్ళి, దాన్ని వీపున కట్టుకుని దించింది. కింద పడుకోబెట్టేసరికి దాలమ్మ పెదాలు తెల్లగా ఉన్నాయి. మెడ మీద నరం తాడులా లేచి ఉంది. ఊపిరి తీస్తుంటే గొంతులో బుడబుడమని చప్పుడు. నడుంకట్టు కోసేశాను. చాలాసేపటికి తేరుకుంది.

అంతసేపూ పట్టీ పచ్చగానే ఉంది.

"దీన్ని తీసి తొట్లో పారేయండి" అని సూరమ్మ అరిచింది. "మనిసి సచ్చిపోతంటే పచ్చగా ఎలుగుతాదేటి?"

నాయుడు పట్టీని తుడిచి మళ్ళీ చూశాడు. తన పట్టీ చూసుకున్నాడు. 

దిగువ ఆసుపత్రికి తీగ మీద మాట్లాడాలి. తీగకు కరెంటు ఎండపలక ఇవ్వాలి. మంచు విడిస్తే గానీ పలకకు ఎండ తగలదు.

40వ రోజు

మంచు విడవలేదు. నీళ్ళు చాలా వచ్చాయి. జనం పాటలు పాడుకుంటూ బిందెలు మోశారు. నేను తీగ దగ్గర కూర్చున్నాను.

41వ రోజు

మధ్యాహ్నం ఎండ పడింది. తీగ నాయుడి ఇంట్లో ఉంటుంది, కాబట్టి ఆయన పక్కనే కూర్చున్నాడు. డాక్టర్ తబస్సుమ్ గొంతు గదంతా వినిపిస్తుంది.

జరిగింది చెప్పాను. ఆవిడ మొదట అడిగింది, "బీపీ ఎంత ఉంది, కూర్మారావు గారూ?"

ఆ మాట ఈ కొండ మీద విని చాలా ఏళ్ళయింది. బీపీ చూసే పట్టా ఒకటుండేది. నాడిపట్టీలు వచ్చాక దానితో పనిలేదని, దాని రబ్బరు కోసి నీళ్ళ తిత్తులకు మాసికలు వేశారు. అదే చెప్పాను.

ఆవిడ ఇంకో ప్రశ్న వేసింది.

"మీ కొండ మీద పంపు ఉందా?"

"ఉందమ్మా."

"పంపు మెల్లగా తిప్పుతూ, కుళాయిలన్నీ బిగించేస్తే గొట్టం ఏమవుతుంది?"

"పగులుతాది" అని నాయుడు నా కంటే ముందు చెప్పేశాడు.

"పంపు చప్పుడు మాత్రం నెమ్మదిగానే వినిపిస్తుంది కదండీ? మీ పట్టీ వింటున్నది ఆ చప్పుడే."

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంత రాస్తున్నాను. కిడ్నీ మీద టోపీలా ఒక గ్రంథి ఉంటుంది. భయం వేసినప్పుడు, పరుగెత్తినప్పుడు అది ఎడ్రినలిన్ అనే రసం వదులుతుంది. దాలమ్మకు అక్కడ గడ్డ లేచి, భయం లేకుండానే రసం పోస్తున్నట్టు ఆవిడ అనుమానం. నడుంకట్టు బిగిస్తే ఆ గడ్డ నలుగుతుంది. ఆ రసం ఒంట్లో రెండు రకాల తలుపులు తడుతుంది. గుండెను పరుగెత్తించేవి బీటా తలుపులు. రక్తనాళాలను బిగించేవి ఆల్ఫా తలుపులు. నాళాలను కొంత వదులు చేసే తలుపులు కూడా ఉన్నాయి, కానీ అవి బీటాలోనే కలిసి ఉన్నాయి. నిమ్మళం బీటా తలుపులన్నీ మూసేసింది. గుండె నెమ్మదించింది, పట్టీ పచ్చబడింది. వదులు చేసే తలుపులు మూసుకుపోయి, బిగించేవి మాత్రం బార్లా తెరుచుకుని ఉన్నాయి.

"నేనే రెట్టింపు చేశానమ్మా" అన్నాను.

"తలనొప్పికి అది సరైన మందే. పీడనం చూడకపోతే నేనూ అదే ఇచ్చేదాన్నేమో. ఏళ్ళ తరబడి వాడేవాళ్ళు దాన్ని ఒక్కసారిగా మానకూడదు. ఈమెది కొద్ది రోజులే. ఇవాళే ఆపండి. ముందు ఆల్ఫా తలుపులు మూయాలి. బీటా సంగతి తర్వాత. ఈ వరస తప్పితే మనిషి దక్కదు."

గడ్డ కోసి తీసేయాలి. కానీ పీడనం దించకుండా కత్తి పెడితే బల్ల మీదే పోతుంది. డోలీలో రెండు రోజుల దిగుడు కూడా తట్టుకోలేదు. కాబట్టి ఆల్ఫా మందు ఇక్కడే, కనీసం రెండు వారాలు.

"మా దగ్గర లేదమ్మా ఆ మందు."

"ఉండాలే. ప్రజోసిన్. పెద్దవాళ్ళకు మూత్రం సాఫీగా రావడానికి మీ కొండకు ఆరుగురికి పంపుతున్నాం కదా."

నాయుడు దగ్గాడు. లేచి కిటికీ మూశాడు.

కొండ మీద వాటిని చిన్నబిళ్ళలంటాం. ఈ మంచుకాలానికి సరిపడా అప్పుడే పంచేశాను. అడ్డాకులో చుట్టి, పేరు లేకుండా, ఎవరివి వాళ్ళ చేతికే ఇస్తాను. పుచ్చుకునేవాళ్ళు కొండలో పెద్దలు. ఎవరెవరో వాళ్ళ ఇంట్లో ఆడవాళ్ళకు కూడా తెలియదు. నేను చెప్పను. అదీ పద్ధతి.

తీగ పెట్టేశాక నాయుడి వైపు చూశాను.

"నాకేసి సూస్తావేటి? నాకేటి తెలుసు?" అన్నాడు. ఆయన భార్య వాకిట్లో బియ్యం చెరుగుతోంది.

సాయంత్రం మిగతా అయిదుగురి దగ్గరికి వెళ్ళాను. తవిటయ్య తాత తలుపు సందులోంచి పొట్లం ఇచ్చి, "మా కోడలికి సెప్పకురా" అన్నాడు. అయిదు పొట్లాలు కలిపినా వారానికి చాలవు. ఎక్కువ ఉన్నది నాయుడి దగ్గర.

42వ రోజు

బీపీ చూసే సాధనం తయారు చేసుకునే దారి డాక్టరమ్మ నిన్ననే చెప్పింది.

"పాదరసం లేదమ్మా" అన్నాను.

"నీళ్ళున్నాయిగా."

"మాకున్నవే అవి."

నీళ్ళు పాదరసం కంటే తేలిక, పదమూడున్నర రెట్లు ఎత్తు లేస్తాయి. అందుకని పొడవాటి గొట్టం కావాలి. నాలుగో వల స్తంభానికి పారదర్శకంగా ఉండే గొట్టం ఒకటి నిలువునా కట్టాను. దాని కింది కొస సీసా నీళ్ళలో ముంచి, సీసా మూతిని లక్కతో మూశాను. సీసాలోకి ఇంకో గొట్టం, దానికి మాసికల తిత్తి, తిత్తికి సైకిలు పంపు. తిత్తిని జబ్బకు చుట్టి గాలి కొడితే నీళ్ళు గొట్టంలో పైకి లేస్తాయి. మణికట్టు దగ్గర నాడి ఆగిపోయే చోట నీళ్ళు ఎంత ఎత్తున ఉంటే అదే లెక్క.

ముందు సూరమ్మకు కట్టాను. నీళ్ళు ఆమె కొప్పు దాకా లేచాయి. ఇంకొందరికి చూశాం. కొంచెం ఇటూ అటూగా అందరికీ మనిషి నిలువే. పిల్లలు చప్పట్లు కొట్టారు.

తర్వాత దాలమ్మ స్తంభం మొదట్లో కూర్చుంది. నేను నాడి పట్టుకున్నాను, సూరమ్మ గాలి కొట్టింది. నీళ్ళు ఒక నిలువు దాటాయి. నాడి కొడుతూనే ఉంది. నాయుడి తలపాగా దాటాయి. కొడుతూనే ఉంది. చప్పట్లు ఆగిపోయాయి. నిలువున్నర దాటాక చేయి చాపినా అందని ఎత్తుకు వెళ్ళాయి. ఇంకొంచెం, ఇంకొంచెం. రెండు నిలువులకు జానెడు తక్కువలో నాడి ఆగింది. గుర్తు గీయడానికి సూరమ్మ స్తంభం ఎక్కాల్సి వచ్చింది.

నిమ్మళం ఇంకా ఒంట్లో ఉన్నట్టుంది. పట్టీ పచ్చగానే ఉంది.

నాయుడు తల పైకెత్తి ఆ గుర్తు చూస్తూ నిలబడ్డాడు. నీళ్ళ లెక్క ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"నా గొట్టంలో ఇంత జోరుంటే పంపు ఎప్పుడో ఆపీసీవోణ్ణి" అన్నాడు. "దీన్నేసుకునా నువ్వు వలెక్కినావు?"

"నువ్వే కదా బాబూ ఎక్కమన్నావు" అంది దాలమ్మ.

ఆయన వెళ్ళిపోయాడు. పొద్దువాలే ముందు స్టోరుకు వచ్చి, అటు తిరిగి నిలబడి, వెనక్కి చేయి చాపి ఒక పొట్లం బల్ల మీద పెట్టాడు. పెద్ద పొట్లం. రెండేళ్ళ నుంచి దాచుకుంటున్నట్టున్నాడు.

"మా అటక మీద ఉంది. ఎలక తెచ్చి ఎట్టినట్టుంది."

చిట్టాలో ఇలా రాశాను: ఎలక ఇచ్చిన చిన్నబిళ్ళలు, ఒక పొట్లం.

43వ రోజు

మొదటి బిళ్ళ నిన్న రాత్రి వేశాను, సగమే. పడుకోబెట్టి ఇవ్వమని, పొద్దున ఒక్కసారిగా లేవనివ్వవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. నాళాలు వదులై, నిలబడేసరికి రక్తం కాళ్ళలోకి జారిపోతుందట.

దాలమ్మ వినలేదు. పొయ్యి రాజేద్దామని లేచి పొయ్యి మీదే పడబోయింది. నేను గుమ్మంలోనే పడుకున్నాను కాబట్టి పట్టుకున్నాను.

"ఇల్లు తిరిగిపోయిందన్నా."

"ఇల్లు ఇక్కడే ఉంది. కూర్చో."

నాళాలు వదులైతే వాటిని నింపడానికి ఉప్పూ నీళ్ళూ ఎక్కువ తీసుకోవాలి. రోజుకు నాలుగు చెంబులు అదనం. నాయుడు తన వాటాలోంచి ఇచ్చాడు. ఎవరి వాటా అన్నది రాయవద్దన్నాడు. రాశాను.

47వ రోజు

దాలమ్మ నీళ్ళు: నిలువున్నరకు కొంచెం పైన. బిళ్ళ పెంచాను.

బిళ్ళలు లేక నాయుడికి ఇబ్బందిగా ఉంది. మూత్రానికని బండ వెనక్కి వెళితే ఎంతసేపటికీ రాడు. ఆయన అటు వెళ్ళి వచ్చేలోగా రెండు వలలు కట్టి దిగవచ్చని ఎక్కేవాళ్ళు నవ్వుకుంటున్నారు.

"నాయుడు బాబు సుక్కసుక్కగా మంచు పడతన్నాడు" అని సూరమ్మ గట్టిగానే అంది.

"నీ వాటా కోసేస్తానుండు" అని బండ వెనక నుంచి జవాబు వచ్చింది.

బొత్తిగా ఆగిపోతే దాచకుండా చెప్పమని ఆయనతో విడిగా చెప్పాను. డాక్టరమ్మ అలా చెప్పమంది. సరేనన్నాడు. ఆయనకు రెండు బిళ్ళలు వెనక్కి ఇవ్వబోయాను. చేయి వెనక్కి లాక్కున్నాడు.

50వ రోజు

దాలమ్మకు ఈ రోజు ఒక్కసారి కూడా తలనొప్పి రాలేదు. మొహానికి రంగు వచ్చింది. ముక్కు దిబ్బడేసిందని విసుక్కుంటోంది. అది మందు పని చేస్తున్న గుర్తట. పడుకున్న చోటే వలలు కుడుతోంది. నేను కుట్టినవి విప్పి మళ్ళీ కుట్టింది.

53వ రోజు

పొద్దున దాలమ్మ పట్టీ ఎర్రగా వెలిగింది. భయమేసింది. నీళ్ళు చూస్తే నిలువూ జానెడు. అంటే బాగానే దిగాయి.

ఎండ పడగానే తీగ మీద అడిగాను.

"గొట్టం వదులైంది, ఇప్పుడు గుండె పరుగెడుతోంది. ఇప్పుడు మీ నిమ్మళం కొంచెం ఇవ్వండి. చిన్నబిళ్ళ మాత్రం ఆపకండి" అంది.

చేతిలో నిమ్మళం పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. అదే డబ్బా, అదే బిళ్ళ. దాలమ్మ నా చేతిలోంచి తీసుకుని వేసుకుంది.

"ఏటన్నా అలగ సూస్తావు? నువ్వు కాదేటి ఇచ్చింది?"

తర్వాత అరగంట నాడి చూస్తూ, నీళ్ళు చూస్తూ ఉన్నాను. నీళ్ళు పెరగలేదు. పట్టీ పచ్చబడింది. ఈసారి ఆ పచ్చను నమ్మవచ్చు.

56వ రోజు

దాలమ్మ నీళ్ళు: నిలువు. కూర్చున్నా, నిలబడ్డా పెద్ద తేడా లేదు.

డోలీ కట్టారు. మోసేవాళ్ళు నలుగురు, దారిలో మార్చుకోవడానికి ఇంకో నలుగురు. నడుముకు తాడు తగలకుండా వలగుడ్డ పరిచాను. దాలమ్మ తను కుట్టిన వలలన్నీ సూరమ్మకు లెక్క అప్పజెప్పింది.

"నాను రాకపోతే ఆరో వల నువ్వే సూసుకో" అంది.

"నువ్వు రాకపోతే దాన్ని కోసి పొయ్యిలో ఎట్టీస్తాను" అంది సూరమ్మ.

మిగిలిన చిన్నబిళ్ళల పొట్లం మీద 'ఎలకవి' అని రాసి డోలీలో పెట్టాను. మంచులో డోలీ కొంతదూరమే కనిపించింది. చప్పుడు మలుపు దాకా వినిపించింది.

తొట్లు రెండూ నిండాయి.

62వ రోజు

తీగ పలికింది. నిన్న కోశారు. ఎడమ కిడ్నీ మీద నిమ్మకాయంత గడ్డ. చేయి తగలగానే పీడనం ఎగిరిందట, కానీ పట్టుకోగలిగారు. దాలమ్మ గంజి తాగిందట.

నాయుడు ఇంకోసారి చెప్పించుకుని విన్నాడు. తర్వాత బండ వెనక్కి వెళ్ళాడు.

మంచు విడిచాక, 9వ రోజు

వలలు దించి చుట్టలు చుట్టాం. దాలమ్మ సగం దూరం నడిచి, సగం డోలీలో వచ్చింది. చిక్కింది. స్తంభానికి వీపు ఆనించి నిలబడి, సూరమ్మ గీసిన గుర్తు కేసి తల పైకెత్తి చూసింది.

"అంతెత్తునా ఉన్నాను?"

తిత్తి కట్టించుకుంది. నీళ్ళు దాని నుదుటి బొట్టు దాకా వచ్చి ఆగాయి.

బండ దగ్గర పద్ధతి ఇప్పుడు మారింది. మొదట స్తంభం, తర్వాత పట్టీ. దిగువ నుంచి కొత్త బీపీ సాధనం పంపిస్తామన్నారు. వచ్చేదాకా ఇదే. వచ్చాక కూడా ఇదే ఉంచమని పిల్లలు గొడవ చేస్తున్నారు.

ఊరంతా అక్కడే ఉండగా దాలమ్మ కొంగులోంచి అడ్డాకు పొట్లం తీసింది.

"ఇయ్యి మిగిలాయి. ఎలకవి ఎలకకి ఇచ్చీమంది డాక్టరమ్మ. ఎవులింటిదన్నా ఆ ఎలక?"

 చెప్పకపోవడం నా పని. తవిటయ్య తాత నేల చూపులు చూస్తున్నాడు. కోడలు పక్కనే ఉంది.

నాయుడు తలపాగా సర్దుకుని ముందుకు వచ్చాడు. అందరి ఎదుట, భార్య ఎదుట, అరచేయి చాపాడు.

"ఇలగియ్యి. నావే అవి" అన్నాడు. "వయసైనోడికి ఉచ్చ రాదు, అదేం దొంగతనమా?"

ఎవరూ నవ్వలేదు. ఆయన పొట్లం విప్పి, ఒకటి నోట్లో వేసుకుని, స్తంభం మొదట్లో చతికిలబడి చొక్కా చేయి పైకి మడిచాడు.

"కొట్టు, కూర్మిగా. నా నీళ్ళెంతో సూద్దాం."

తవిటయ్య తాత కోడలి వైపు చూడకుండా వెళ్ళి ఆయన వెనక వరసలో నిలబడ్డాడు.